షికాగోలో ఎవరిని అడగాలి? సిటీ, కౌంటీ, పన్నులు, ఓట్లపై మీ ప్రశ్నలు

షికాగో నగర పాలన, దాని చుట్టూ ఉన్న కుక్ కౌంటీ పాలన మీద సందేహాలుంటే రాయమని క్రితం సంచికలో అడిగాం. వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఇంటి పన్ను గురించే. మిగతావి కూడా చదివి, పదిమందికి పనికొచ్చే ప్రశ్నలు కొన్ని ఎంచుకున్నాం. పేర్లు వెయ్యడం లేదు, ఊళ్లు మాత్రం వేస్తున్నాం.

ప్రశ్న: మా అబ్బాయి షికాగో పక్కన షాంబర్గ్‌లో ఇల్లు కొన్నాడు. అడిగితే "మాకు షికాగో మేయర్‌తో సంబంధం లేదమ్మా, మాది కుక్ కౌంటీ" అంటాడు. మరి షికాగో కూడా కుక్ కౌంటీలోనే ఉందంటాడు. కౌంటీ అంటే మన జిల్లాలాంటిదేనా? అక్కడ కలెక్టర్ ఎవరు? (గుంటూరు నుంచి ఒక తల్లి)

జవాబు: అమ్మా, హద్దుల వరకు జిల్లా అనుకోవచ్చు. అధికారం విషయంలో మాత్రం కాదు, ఎందుకంటే అక్కడ కలెక్టర్ అనే మనిషే లేడు. పైనుంచి పోస్టింగ్ మీద వచ్చి జిల్లా మొత్తాన్ని చూసుకునే ఒక్క అధికారి ఉండడు. ఆ పనులన్నీ ముక్కలు చేసి ఒక్కో ముక్కకీ ఒక్కొక్కరిని జనమే ఎన్నుకుంటారు. కౌంటీ బోర్డుకి ఒక ప్రెసిడెంటు, 17 మంది కమిషనర్లు. జైలు, కోర్టుల కాపలా షెరిఫ్‌ది. కేసులు నడిపేది స్టేట్స్ అటార్నీ. ఇళ్ల విలువ కట్టేది అసెసర్, ఆ విలువ మీద అప్పీలు వినేది ముగ్గురు సభ్యుల బోర్డ్ ఆఫ్ రివ్యూ, పన్ను వసూలు చేసేది ట్రెజరర్, రికార్డులు చూసేది క్లర్కు. వీళ్లందరూ విడివిడిగా ఎన్నికైనవాళ్లే కాబట్టి ఒకరికి ఇంకొకరు బాస్ కాదు. బోర్డు ప్రెసిడెంటు షెరిఫ్‌ని పిలిచి "ఈ పని చెయ్యి" అని ఆర్డరు వెయ్యలేరు. బడ్జెట్ దగ్గర పట్టు మాత్రం ఉంటుంది.

2020 జనాభా లెక్కల్లో కుక్ కౌంటీలో దాదాపు 52 లక్షల 75 వేల మంది ఉన్నారు. అందులో షికాగో నగరం వాటా 27 లక్షల పైచిలుకు, మిగతావాళ్లు షాంబర్గ్, స్కోకీ, ఎవాన్‌స్టన్ లాంటి 130కి పైగా ఊళ్లలో ఉంటారు. మీ అబ్బాయి చెప్పింది నిజమే. ఆయన ఇంటి ముందు మంచు తీసేది, పోలీసుని పంపేది షాంబర్గ్ విలేజి (అక్కడి పురపాలక సంస్థని అలా అంటారు). కోర్టు, జైలు, ఇంటి విలువ కట్టే ఆఫీసు, పేదవాళ్లు వెళ్లే పెద్దాసుపత్రి స్ట్రోజర్, ఇవి కౌంటీవి. వేసవిలో మనవాళ్లు పిక్నిక్‌లు పెట్టుకునే బస్సీ వుడ్స్ అడవి కూడా కౌంటీ ఫారెస్ట్ ప్రిజర్వ్‌దే. స్కూళ్లు, పార్కులు మళ్లీ వేరే సంస్థలు, వాటికి వేరే బోర్డులు, వేరే పన్నులు. ఇలాంటి స్థానిక సంస్థలు ఇల్లినాయ్ రాష్ట్రం మొత్తం మీద 7 వేల దాకా ఉంటాయి, అమెరికాలో ఇంకే రాష్ట్రంలోనూ ఇన్ని లేవు.

ఇంకో తేడా చెప్పాలి. హైదరాబాద్ మేయర్‌ని జనం నేరుగా ఎన్నుకోరు, రోజువారీ అధికారం ఐఏఎస్ కమిషనర్ చేతిలో ఉంటుంది. షికాగోలో మేయర్‌కి జనమే ఓటేస్తారు, బడ్జెట్ తయారుచేసేది, శాఖాధిపతులని నియమించేది మేయరే. అందుకే అక్కడ మేయర్ ఎన్నిక అంత వేడిగా ఉంటుంది.

ప్రశ్న: ఇల్లు కొని మూడేళ్లయింది. ప్రతి ఏడాదీ ప్రాపర్టీ ట్యాక్స్ పెరుగుతోంది. ఈసారి ఎస్క్రో (పన్ను కోసం బ్యాంకు మా దగ్గర తీసుకుని పక్కన పెట్టే డబ్బు) చాలలేదని బ్యాంకువాళ్లు నెల వాయిదా పెంచేశారు. అసలు ఈ పన్ను ఎవరు పెంచుతున్నారు? ట్రెజరర్ ఆఫీసుకి ఫోన్ చేస్తే మేము కాదంటున్నారు, అసెసర్ ఆఫీసు కూడా మేము కాదంటోంది. చాలా టెన్షన్‌గా ఉంది. (షాంబర్గ్ నుంచి ఒక జంట)

జవాబు: ఇద్దరూ చెప్పింది నిజమే, కానీ సగం సగం చెప్పారు. ఇది కొంచెం ఓపికగా చదవండి, ఒకసారి అర్థమైతే మళ్లీ ఎవరినీ అడగక్కర్లేదు.

మన ఊళ్లో ఉమ్మడి కుటుంబంలో పెళ్లి ఖర్చు ముందు లెక్క వేసుకుని, తర్వాత అన్నదమ్ములు ఎవరి స్తోమతుని బట్టి వాళ్లు వాటా వేసుకుంటారు కదా, ఇక్కడి పన్ను సరిగ్గా అలాగే నడుస్తుంది. మొత్తం ఖర్చు ఎంతో ముందు తేలుస్తారు. ఆ మొత్తాన్నే లెవీ అంటారు. మీ ఊరి విషయంలో 54వ నంబరు ఎలిమెంటరీ స్కూల్ డిస్ట్రిక్టు, 211వ నంబరు హైస్కూల్ డిస్ట్రిక్టు, హార్పర్ కాలేజీ, విలేజి, పార్కులు, లైబ్రరీ, కౌంటీ, ఎవరికి వాళ్లు "ఈ ఏడాది మాకు ఇంత కావాలి" అని తీర్మానం చేస్తారు. అసెసర్ చేసేది వాటా తేల్చడం మాత్రమే. మీ ఇంటి విలువ మిగతా ఇళ్లతో పోలిస్తే ఎంత అన్నదాన్ని బట్టి మీ వాటా వస్తుంది. ట్రెజరర్ బిల్లు పంపి డబ్బు తీసుకుంటారు, అంతే.

ఒక ఉదాహరణ వేసి చూద్దాం. ఇంటి మార్కెట్ విలువ 4 లక్షల డాలర్లు అనుకోండి. కుక్ కౌంటీలో ఇళ్లకి అందులో 10 శాతాన్ని అసెస్డ్ విలువగా పెడతారు (వ్యాపార భవనాలకి 25 శాతం). అంటే 40 వేలు. దాన్ని రాష్ట్రం ఇచ్చే ఈక్వలైజర్ అనే అంకెతో గుణిస్తారు, అది దాదాపు 3 ఉంటుంది. లక్షా 20 వేలు అయింది. మీరు ఆ ఇంట్లోనే ఉంటే హోమ్‌ఓనర్ ఎగ్జెంప్షన్ కింద 10 వేలు తీసేస్తారు, మిగిలింది లక్షా 10 వేలు. మీ ప్రాంతపు సంస్థలన్నిటి రేట్లూ కలిపి 8 శాతం అనుకుంటే బిల్లు 8,800 డాలర్లు. ఆ ఎగ్జెంప్షన్ లేకపోతే ఇంకో 800 ఎక్కువ కట్టాలి. ఈ లెక్క మీ బిల్లు వెనకవైపు ఉన్న అంకెలతో మీరే వేసుకోండి.

అందుకే ముందు అడుగుతున్నాను, మీ బిల్లులో హోమ్‌ఓనర్ ఎగ్జెంప్షన్ ఉందా? కొత్తగా ఇల్లు కొన్నవాళ్లు అప్లై చేసుకోవాలి, దానంతట అది రాదు. ఒకసారి ఇచ్చాక ఏటేటా కొనసాగుతుంది. పౌరసత్వంతో దీనికి సంబంధం లేదు, ఇంట్లో మీరు ఉంటే చాలు. అప్లై చెయ్యడం మర్చిపోయి ఉంటే గత మూడేళ్లది కూడా సర్టిఫికెట్ ఆఫ్ ఎర్రర్ కింద వెనక్కి తెచ్చుకోవచ్చు. మనవాళ్లలో ఎంతోమంది ఇది తెలియక డబ్బు వదులుకుంటున్నారు, నాకు నిజంగా బాధగా ఉంటుంది.

రెండోది అప్పీలు. కౌంటీని మూడు భాగాలు చేసి మూడేళ్లకోసారి ఒక్కో భాగానికి కొత్త విలువలు కడతారు. షికాగో నగరానికి 2024లో అయింది, మీ ఉత్తర భాగానికి 2025లో, దక్షిణ, పశ్చిమ శివార్లకి 2026లో. అప్పీలు మాత్రం ప్రతి ఏడాదీ వేసుకోవచ్చు. ముందు అసెసర్ దగ్గర, అక్కడ కాదంటే బోర్డ్ ఆఫ్ రివ్యూ దగ్గర. టౌన్‌షిప్ (కౌంటీలోని చిన్న విభాగం) వారీగా గడువు తేదీలు వేస్తారు, మామూలుగా నెల రోజులే ఉంటుంది, ఆ కిటికీ మూసుకుపోతే మళ్లీ ఏడాదికే. లాయర్ అక్కర్లేదు, ఫీజు లేదు, ఆన్‌లైన్‌లోనే వెయ్యొచ్చు. "మా పన్ను ఎక్కువగా ఉంది" అని రాస్తే పని జరగదు. అంతే వయసు, అంతే చదరపు అడుగులు, అలాంటి కట్టడమే ఉన్న పక్క ఇళ్ల అసెస్డ్ విలువలు వెబ్‌సైట్‌లో తీసి, మీ ఇంటికి చదరపు అడుగుకి ఎక్కువ వేశారని చూపించాలి. బేస్‌మెంటు, బాత్‌రూముల సంఖ్య లాంటివి రికార్డులో తప్పుగా ఉన్నాయేమో కూడా చూడండి.

ఇది చెప్పాక ఇంకో మాట చెప్పకపోతే తప్పవుతుంది. లెవీ మారదు కాబట్టి ఒకరి వాటా తగ్గితే ఆ భారం మిగతావాళ్ల మీద పడుతుంది. లాయర్లని పెట్టుకోగల పెద్ద భవనాలవాళ్లు, డబ్బున్న పేటలవాళ్లు ఏళ్ల తరబడి అప్పీళ్లు గెలుస్తూ పోతే, అప్పీలు అనే మాటే తెలియని దక్షిణ, పశ్చిమ పేటల చిన్న ఇళ్లవాళ్లు ఎక్కువ కట్టారు. 2017లో షికాగో ట్రిబ్యూన్ పత్రిక, ప్రోపబ్లికా వార్తా సంస్థ కలిసి దీన్ని లెక్కలతో సహా బయటపెట్టాయి. ఖరీదైన ఇళ్లకి విలువ తక్కువగా, చవక ఇళ్లకి ఎక్కువగా కట్టారని తేలింది. ఆ మరుసటి ఏడాది మార్చిలో జరిగిన ప్రైమరీలో (పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ఎన్నికలో) అసెసర్ జోసెఫ్ బెరియోస్‌ని జనం ఓడించి ఫ్రిట్జ్ కేగీని తెచ్చుకున్నారు. బెరియోస్ మామూలు మనిషి కాదు, కౌంటీ డెమోక్రటిక్ పార్టీకే ఛైర్మన్.

ఇక మీ అసలు ప్రశ్న, పెంచేది ఎవరు? బిల్లులో సగానికి పైగా పోయేది స్కూళ్లకే. చట్టం ప్రకారం స్కూల్ డిస్ట్రిక్టులు లెవీని ధరల పెరుగుదల కన్నా గానీ 5 శాతం కన్నా గానీ, ఏది తక్కువైతే అంతకు మించి పెంచకూడదు. కొత్త కట్టడాలకి మినహాయింపు ఉంటుంది. ఆ తీర్మానం నవంబరు, డిసెంబరు నెలల్లో స్కూల్ బోర్డు మీటింగులో అవుతుంది, డిసెంబరు ఆఖరి మంగళవారం లోపు కౌంటీకి ఇచ్చెయ్యాలి. ఆ మీటింగులో జనం కుర్చీలు చాలాసార్లు ఖాళీగా ఉంటాయి. బిల్లు వచ్చే రోజున అరిచేవాళ్లలో నలుగురు ఆ రోజు వెళ్లి కూర్చుంటే ఎంత తేడా వస్తుందో. స్కూళ్లు బాగున్నాయనే మీరు అక్కడ ఇల్లు కొన్నారు కాబట్టి పెంచొద్దనే చెప్పమనడం లేదు, ఎందుకు పెంచుతున్నారో అడగమంటున్నాను.

చివరగా, మొదటి విడత బిల్లు కిందటి ఏడాది మొత్తంలో 55 శాతం, మామూలుగా మార్చిలో కట్టాలి. అసలు పెంపు కనిపించేది రెండో విడతలో. అది ఆగస్టులో రావాల్సింది ఈ మధ్య తరచూ ఆలస్యమవుతోంది, 2025లో అయితే గడువు డిసెంబరు 15 దాకా పోయింది. బ్యాంకు ఎస్క్రో లెక్క గందరగోళం కావడానికి అదీ ఒక కారణం. బ్యాంకు పంపిన లెక్కని బిల్లుతో పోల్చి చూడండి.

ప్రశ్న: నేను ఎంఎస్ చదువుతున్నా. డౌన్‌టౌన్‌లో కారు ఆపితే మీటర్‌కే బోలెడు అవుతోంది. ఆ డబ్బు సిటీకి కూడా పోదని ఫ్రెండ్ అంటున్నాడు. నిజమేనా? (షికాగో నుంచి ఒక విద్యార్థి)

జవాబు: నిజమే బాబూ. 2008 డిసెంబరులో మేయర్ రిచర్డ్ ఎం. డేలీ నగరంలోని దాదాపు 36 వేల మీటర్లని 75 ఏళ్లకి ప్రైవేటు పెట్టుబడిదారులకి లీజుకి ఇచ్చారు. మోర్గాన్ స్టాన్లీ ముందుండి నడిపించిన కంపెనీ అది. సిటీకి వచ్చింది 115 కోట్ల డాలర్ల పైచిలుకు. కౌన్సిల్ ముందు పెట్టిన కొద్ది రోజుల్లోనే 40-5 ఓట్లతో అయిపోయింది. అంత పెద్ద ఒప్పందాన్ని పూర్తిగా చదివే టైమ్ కూడా సభ్యులకి ఇవ్వలేదు. మరుసటి ఏడాది సిటీ ఇన్‌స్పెక్టర్ జనరల్ (పోలీసు ఐజీ కాదు, సిటీలో అక్రమాలు, వృథా ఖర్చులు చూసే అధికారి) లెక్క తీసి, సిటీకి రావాల్సినదానికన్నా దాదాపు 97 కోట్ల డాలర్లు తక్కువ వచ్చిందని రిపోర్టు ఇచ్చారు. వచ్చిన డబ్బులో చాలా భాగం బడ్జెట్ లోట్లు పూడ్చడానికి కొద్ది ఏళ్లలోనే ఖర్చయిపోయింది. 2013 నాటికి డౌన్‌టౌన్ నడిబొడ్డున ఉన్న లూప్ ప్రాంతంలో గంటకి ఆరున్నర డాలర్లయింది.

డబ్బు కన్నా పెద్ద నష్టం ఇంకోటి ఉంది. సిటీ ఏదైనా రోడ్డు మీద మీటర్లు తీసేసి సైకిల్ దారో బస్సు దారో వెయ్యాలంటే, పండగకి వీధి మూయాలంటే కూడా కంపెనీకి ఆ నష్టం కట్టాలి, లేకపోతే వేరేచోట మీటర్లు చూపించాలి. తన వీధుల మీద తనకే పూర్తి హక్కు లేకుండా 2080ల దాకా చేసుకుంది ఆ నగరం. మన మెట్రోలు, రింగ్ రోడ్లు ఇంకొకరికి దశాబ్దాల తరబడి రాసిచ్చే ఒప్పందాలు వచ్చినప్పుడు హైదరాబాద్‌లో ఉన్నవాళ్లు ఈ కథ గుర్తుపెట్టుకుంటే మంచిది. నీ వరకు, వారాంతాల్లో రైలెక్కు.

ప్రశ్న: డెవాన్ వీధిలో షాపు పెడుతున్నాం. బోర్డు పేవ్‌మెంటు మీదకి వస్తుందని ఆల్డర్‌మన్ ఆఫీసుకి వెళ్లమన్నారు. ఒక బోర్డుకి కౌన్సిలర్ అనుమతి ఏమిటండీ? ఎవరికైనా ఏమైనా ఇవ్వాలా? (షికాగో నుంచి ఒక వ్యాపారి)

జవాబు: ఏమీ ఇవ్వకండి. ఇంకా గట్టిగా చెప్పాలంటే, ఎవరైనా అడిగితే రాసిపెట్టుకుని సిటీ ఇన్‌స్పెక్టర్ జనరల్ ఆఫీసుకి చెప్పండి. ఫీజు అంటూ ఉంటే అది సిటీ ఖజానాకే, రసీదుతోనే.

పేవ్‌మెంటు పైన గాలి కూడా సిటీ స్థలమే అన్నది అక్కడి లెక్క. అందుకని బోర్డు, గుడారం, బయట బల్లలు, వీటికి కౌన్సిల్ ఆర్డినెన్సు (కౌన్సిల్ చేసే నగర చట్టం) కావాలి. ఆ ఆర్డినెన్సుని ప్రవేశపెట్టేది మీ వార్డు ఆల్డర్‌మన్. షికాగోకి 50 వార్డులు, డెవాన్‌లో మన షాపులున్న భాగంలో ఎక్కువ 50వ వార్డు కిందికి వస్తుంది. ఇలా వార్డులో ఏది జరగాలన్నా అక్కడి ఆల్డర్‌మన్ మాటే చెల్లడం, మిగతా 49 మంది అడ్డు చెప్పకపోవడం పాత అలవాటు. ఏ చట్టంలోనూ అలా రాసిలేదు. అయినా దశాబ్దాలుగా నడిచింది. జోనింగ్ (ఏ స్థలంలో ఏం కట్టొచ్చన్న నిబంధన) మార్చాలన్నా, కొత్త ఇళ్ల ప్రాజెక్టు రావాలన్నా, చవక ఇళ్లు కట్టాలన్నా వార్డు మనిషి "వద్దు" అంటే ఆగిపోయేది.

దీంట్లోంచే అవినీతి పుట్టింది. 14వ వార్డు ఆల్డర్‌మన్ ఎడ్ బర్క్ 1969 నుంచి 2023 దాకా, అంటే 54 ఏళ్లు ఆ కుర్చీలో ఉన్నారు, ఫైనాన్స్ కమిటీ ఛైర్మన్‌గా నగరంలో మేయర్ తర్వాత అంతటివారు. ఆయనకి సొంత లా ఆఫీసు ఉండేది, దాని పని ఏమిటో తెలుసా, ఇందాక చెప్పిన ప్రాపర్టీ ట్యాక్స్ అప్పీళ్లు. ఒక బర్గర్ రెస్టారెంటు మరమ్మతుకి అనుమతులు ఆపి, వాళ్ల ట్యాక్స్ కేసులు తన ఆఫీసుకి రప్పించుకోవాలని చూశారన్నది ఆయన మీద వచ్చిన అభియోగాల్లో ఒకటి. 2023 డిసెంబరులో జ్యూరీ దోషి అని తేల్చింది, 2024 జూన్‌లో రెండేళ్ల జైలు శిక్ష పడింది. 2019లో లోరీ లైట్‌ఫుట్ మేయర్‌గా ప్రమాణం చేసిన రోజే ఈ ఆల్డర్‌మన్ పెత్తనాన్ని తగ్గిస్తూ ఉత్తర్వు ఇచ్చారు. కొన్ని అనుమతుల్లో తగ్గింది, జోనింగ్‌లో ఇంకా బలంగానే ఉంది.

మీరు చెయ్యాల్సింది: సిటీ బిజినెస్ లైసెన్సు ఆఫీసులో పబ్లిక్ వే యూజ్ పర్మిట్‌కి అప్లికేషన్ పెట్టండి, ఆ నంబరు పట్టుకుని వార్డు ఆఫీసుకి వెళ్లండి, మాట్లాడినదంతా ఈమెయిల్‌లో కూడా పెట్టండి. కౌన్సిల్ మామూలుగా నెలకోసారే కూర్చుంటుంది, అందుకే వారాలు పడుతుంది. ఓపెనింగ్ ముహూర్తం దాన్నిబట్టి పెట్టుకోండి.

ప్రశ్న: కౌంటీ బోర్డుకి మనలాంటి మామూలు జనం ఫోన్ చేస్తే ఉపయోగం ఉంటుందా? (స్కోకీ)

జవాబు: ఉంటుంది. 2016 నవంబరులో కౌంటీ బోర్డు తీపి పానీయాల మీద ఔన్సుకి ఒక సెంటు పన్ను వేసింది. ఓట్లు 8-8 సమానంగా వస్తే ప్రెసిడెంటు టోనీ ప్రెక్‌వింకిల్ తన ఓటుతో గెలిపించారు. 2017 ఆగస్టులో అమలయింది. జనం పక్క కౌంటీలకి వెళ్లి కొనుక్కోవడం మొదలుపెట్టారు, షాపులవాళ్లు మండిపడ్డారు, పానీయాల కంపెనీలు టీవీ ప్రకటనలకి డబ్బు కుమ్మరించాయి, కమిషనర్ల ఫోన్లు మోగుతూనే ఉన్నాయి. అక్టోబరులో అదే బోర్డు భారీ మెజారిటీతో రద్దు చేసింది, డిసెంబరు 1 నుంచి పన్ను లేదు. ఆ పన్ను ఆరోగ్యానికి మంచిదా కాదా అన్నది వేరే చర్చ, నాకైతే మంచిదే అనిపించింది. కానీ బోర్డు ఎంత త్వరగా వెనక్కి తగ్గిందో చూడండి. ఒక్కో కమిషనర్ కింద 3 లక్షల మంది ఉంటారు, వాళ్లలో ఫోన్ చేసేవాళ్లు చాలా తక్కువ.

ప్రశ్న: షికాగో అంటే "మెషీన్ పాలిటిక్స్" అని పుస్తకాల్లో చదువుతాం. ఎప్పుడూ ఒకే పార్టీ గెలుస్తుంటే అది ప్రజాస్వామ్యం ఎలా అవుతుంది? (వరంగల్ నుంచి ఒక లెక్చరర్)

జవాబు: మంచి ప్రశ్న వేశారు సార్. రిపబ్లికన్ మేయర్ చివరిసారి దిగిపోయింది 1931లో. అప్పటినుంచి పోటీ అంతా డెమోక్రాట్ల లోపలే. మేయర్ ఎన్నికలో 1999 నుంచి బ్యాలెట్ మీద పార్టీ పేరే ఉండదు.

మెషీన్ అంటే ఉద్యోగాలు, ఓట్ల మధ్య మారకం. రిచర్డ్ జె. డేలీ 1955 నుంచి 1976లో చనిపోయేదాకా మేయర్, కుక్ కౌంటీ పార్టీ ఛైర్మన్ కూడా ఆయనే. సిటీ, కౌంటీ రెండు చోట్లా ఉద్యోగం కావాలంటే వార్డు నాయకుడి సిఫార్సు ఉండాలి. ఉద్యోగం వచ్చినవాడు ఎన్నికల్లో తన వీధిలో ఇల్లిల్లూ తిరిగి ఓట్లు వేయించాలి. వేయించకపోతే ఉద్యోగం పోతుంది. ఇవాళ ఇక్కడ పింఛన్లు, ఇళ్ల స్థలాల చుట్టూ జరిగేది చూస్తున్న మనకి ఇది కొత్త సంగతి కాదు కదా. మైకేల్ షాక్‌మన్ అనే లాయరు 1969లో కోర్టుకెక్కితే, రాజకీయం చూసి ఉద్యోగం తియ్యకూడదని 1972లో, ఇవ్వకూడదని 1983లో ఉత్తర్వులు వచ్చాయి. మెషీన్ నడుము విరిచింది అదేనని నా అభిప్రాయం, ఎన్నికలు కాదు.

ఒకే పార్టీ ఉన్నా జనం కొట్టిన దెబ్బలు లేకపోలేదు. 1979 జనవరిలో పెద్ద మంచు తుపాను వచ్చి వీధులు రోజుల తరబడి మూసుకుపోయాయి. రైళ్లు నల్లవాళ్ల పేటల్లోని స్టేషన్లలో ఆగకుండా వెళ్లిపోయేవి. ఫిబ్రవరి ప్రైమరీలో మేయర్ బిలాండిక్ ఓడిపోయి జేన్ బర్న్ గెలిచారు, ఆ నగరానికి మొదటి మహిళా మేయర్. 1983లో హరాల్డ్ వాషింగ్టన్ మొదటి నల్లజాతి మేయర్ అయ్యారు. కౌన్సిల్‌లో 29 మంది ఆల్డర్‌మన్లు, దాదాపు అందరూ తెల్లవాళ్లే, కూటమి కట్టి ఆయన వైపున్న 21 మందిని మూడేళ్లు ముందుకి కదలనివ్వలేదు, నియామకాలు ఆపేశారు. వార్డుల హద్దులు నల్లవాళ్లకి, లాటినోలకి అన్యాయంగా గీశారని కోర్టు తేల్చి, ఏడు వార్డులకి 1986లో మళ్లీ ఎన్నికలు పెట్టించింది. 25-25 అయింది, సమానమైతే మేయర్ ఓటు చెల్లుతుంది. 1987 నవంబరులో ఆయన ఆఫీసులోనే గుండెపోటుతో కూలిపోయారు. ఆ మనిషి ఇంకో పదేళ్లు ఉండి ఉంటే ఆ నగరం ఎలా ఉండేదో అని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

ఆ తర్వాత 1989 నుంచి చిన్న డేలీ, అంటే పెద్ద డేలీ కొడుకు రిచర్డ్ ఎం. డేలీ, 22 ఏళ్లు మేయర్, కౌన్సిల్ ఆయన చెప్పినదానికల్లా తలూపింది. పార్కింగ్ మీటర్లు ఆ తలూపుల ఫలితమే. ఇప్పుడు మారుతోంది. 2024 నవంబరులో మేయర్ బ్రాండన్ జాన్సన్ ప్రతిపాదించిన 30 కోట్ల డాలర్ల ప్రాపర్టీ ట్యాక్స్ పెంపుని కౌన్సిల్ 50-0తో తోసిపుచ్చింది, ఆయన మిత్రులతో సహా. నాకు కొరతగా కనిపించేది పార్టీ కాదు, ఓటర్లు. 2023లో మేయర్ రనాఫ్‌కి (మొదటి ఇద్దరి మధ్య జరిగే రెండో విడత పోలింగుకి) నమోదైన ఓటర్లలో 40 శాతం కూడా రాలేదు.

ప్రశ్న: నాకు ఈ మధ్యే పౌరసత్వం వచ్చింది. మొదటిసారి బ్యాలెట్ చూసి కళ్లు తిరిగాయి, డజన్ల కొద్దీ జడ్జీల పేర్లు. ప్రెసిడెంటుకి వేసి మిగతావి వదిలేశాను. తప్పా? (పాలటైన్)

జవాబు: తప్పనను, కానీ ఈసారి వదలొద్దు. ప్రెసిడెంటు ఎన్నికలో ఇల్లినాయ్‌లో మీ ఒక్క ఓటుతో ఫలితం మారడం కష్టం. కింద ఉన్న అసెసర్, బోర్డ్ ఆఫ్ రివ్యూ, కమిషనర్ల పోటీ చాలాసార్లు ప్రైమరీలోనే తేలిపోతుంది, అది మార్చి నెలలో, తక్కువ మందితో. మీ ఇంటి పన్ను, మీ కేసు వినే జడ్జి, మీ ఊరి ఆసుపత్రి, అన్నీ ఆ కింది వరసల్లో ఉన్నాయి. స్కూల్, విలేజి బోర్డులకి బేసి సంఖ్య ఏళ్లలో ఏప్రిల్‌లో విడిగా ఎన్నిక ఉంటుంది, అదీ మర్చిపోకండి.

ఉన్న జడ్జీ కొనసాగాలంటే 60 శాతం "అవును" రావాలి. దాదాపు అందరూ గట్టెక్కేస్తారు. 2018లో మాత్యూ కాగ్లన్ అనే జడ్జి ఓడిపోవడం దాదాపు మూడు దశాబ్దాల్లో మొదటిసారి, అది కూడా జనం ఆయన రికార్డు చదివి ప్రచారం చేస్తే జరిగింది. బార్ అసోసియేషన్లు ప్రతి జడ్జికీ తగినవారా కాదా అని రేటింగు ఇస్తాయి. ముందురోజు ఇంట్లో కూర్చుని కాగితం మీద రాసుకుని పోలింగ్ బూత్‌కి తీసుకెళ్లండి, అనుమతి ఉంది.

ప్రశ్న: మేము హెచ్1బీ మీద ఉన్నాం. పన్నులన్నీ కడుతున్నాం, ఓటు లేదు. పిల్లాడు షికాగో పబ్లిక్ స్కూల్లో రెండో తరగతి. మేము ఏం చెయ్యగలం? (షికాగో)

జవాబు: ముందు చెయ్యకూడనిది చెప్తాను. డ్రైవింగ్ లైసెన్సు దగ్గర గానీ, వీధిలో ఫారాలు పంచేవాళ్ల దగ్గర గానీ ఓటరుగా నమోదు చేసుకోకండి, పొరపాటున కూడా. పౌరుడినని టిక్కు పెట్టి సంతకం చేస్తే గ్రీన్ కార్డు, వీసా అన్నీ ప్రమాదంలో పడతాయి. అలాంటి ఫారం ఇస్తే "నేను సిటిజన్ కాదు" అని చెప్పి వెనక్కి ఇచ్చెయ్యండి.

చెయ్యగలిగినవి చాలా ఉన్నాయి. కౌన్సిల్, కౌంటీ బోర్డు సమావేశాల్లో ఎవరైనా పేరు ఇచ్చి మాట్లాడొచ్చు, పౌరసత్వం అడగరు. 2023లో 22 పోలీసు జిల్లాలకీ ముగ్గురేసి సభ్యుల ప్రజా కౌన్సిళ్లు మొదటిసారి ఎన్నికయ్యాయి, వాటి మీటింగులు మీ పేటలోనే అవుతాయి. కొన్ని వార్డుల్లో ఆల్డర్‌మన్ చేతిలో రోడ్లు, దీపాలకి ఉండే నిధుల్లో కొంత దేనికి ఖర్చుపెట్టాలో వార్డులో ఉండేవాళ్లే ఓటేసి తేలుస్తారు. 49వ వార్డులో 2009లో మొదలైంది, అమెరికాలో అదే మొదటిది. అందులో పౌరులు కానివాళ్లూ ఓటు వెయ్యొచ్చు.

మీకు అన్నిటికన్నా దగ్గరది లోకల్ స్కూల్ కౌన్సిల్. 1988 చట్టంతో వచ్చింది. షికాగోలో చాలా బడులకి ఇది ఉంది. ఆరుగురు తల్లిదండ్రులు, ఇద్దరు పేటవాసులు, టీచర్లు, సిబ్బంది, ప్రిన్సిపాల్ ఉంటారు. పేరుకి కమిటీ కాదిది. ప్రిన్సిపాల్‌ని ఎంచుకునేది, కాంట్రాక్టు కొనసాగించాలో వద్దో తేల్చేది, బడి బడ్జెట్ ఆమోదించేది ఈ కౌన్సిలే. పిల్లాడు ఆ బడిలో చదువుతుంటే చాలు, తల్లిదండ్రులు ఏ వీసా మీద ఉన్నా ఓటు వెయ్యొచ్చు, పోటీ కూడా చెయ్యొచ్చు. చాలా బడుల్లో తల్లిదండ్రుల సీట్లకి సరిపడా మనుషులే దొరకరు. ఎన్నిక సరి సంఖ్య ఏళ్లలో రెండేళ్లకోసారి, వసంతంలో రిపోర్టు కార్డులు తీసుకునే రోజుల్లో పెడతారు. మధ్యలో సీటు ఖాళీ అయితే కౌన్సిలే నింపుకుంటుంది, కాబట్టి ఎన్నిక దాకా ఆగక్కర్లేదు. దరఖాస్తు కాగితాలు బడి ఆఫీసులోనే దొరుకుతాయి, రేపు పిల్లాడిని దింపేటప్పుడు అడగండి.